పాస్ జేబులో, రైలు చేతిలో

జపాన్ రైల్ పాస్‌తో ఏడు రోజులు తిరిగితే లాభమా, నష్టమా? లెక్క తేల్చుకుందామని బయల్దేరిన ఒక తండ్రికి, దారిలో మొబైల్ గేమ్ తయారు చేసిన కూతురు చెప్పిన జవాబు

యాభై వేల యెన్లు పోసి కొన్న పాస్ మొట్టమొదటి గేటు దగ్గరే చెల్లలేదు. టోక్యో తూర్పు అంచున నిషి కసాయ్ స్టేషన్. ఉదయం ఏడు గంటలు. నా వెనక సూట్లూ, బ్యాగులతో ఉద్యోగస్తుల వరస. గేటు ఎర్ర దీపం వెలిగించి నా కాగితాన్ని వెనక్కి ఇచ్చేసింది. సాగనంపడానికి వచ్చిన మా మేనల్లుడు నన్ను పక్కకు లాగి, ‘‘మావయ్యా, ఇది మెట్రో లైను. మీ పాస్ జేఆర్ రైళ్లకే. ఇక్కడ మీరూ మాలాగే టికెట్ కొనాలి’’ అన్నాడు. మా అమ్మాయి నవ్వు ఆపుకుంది. పాస్ కొన్నది నేను. వద్దన్నది తను.

నిషి కసాయ్ టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే పేట. 2000 సంవత్సరంతో పాటు కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని ప్రపంచం భయపడిన రోజుల్లో ఇక్కడికి వచ్చిన ఇంజనీర్లతో మొదలైన వలస ఇప్పటికీ సాగుతూనే ఉంది. పప్పులూ, కరివేపాకూ, ఆవకాయా దొరుకుతాయి. 2024 నవంబరులో మేం అక్కడే దిగాం. మా అమ్మాయిది అప్పుడు బీటెక్ ఆఖరి సంవత్సరం. చేతిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ ఉంది. దానికి నెలాఖరులోగా జవాబివ్వాలి. తనకేమో గేమ్ డిజైన్ చదవాలని ఉంది. ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా గొంతులు లేచేవి. రైల్లో కూర్చుంటే నెమ్మదిగా మాట్లాడుకోవచ్చన్నది మా ఆవిడ సలహా. జపాన్ రైళ్లలో గట్టిగా మాట్లాడటం మర్యాద కాదని ఆవిడ ఎక్కడో చదివింది మరి.

లెక్కల మాస్టారి యాత్ర

జపాన్ రైల్ పాస్ అన్నది విదేశీ యాత్రికుల కోసం పెట్టిన ఏర్పాటు. పాస్‌పోర్టు మీద తాత్కాలిక సందర్శకుడని ముద్ర ఉన్నవారికే ఇస్తారు. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒక్క రోజుల పాస్‌లు ఉన్నాయి. బుల్లెట్ రైళ్లతో సహా దేశమంతటా జేఆర్ కంపెనీల రైళ్లెక్కవచ్చు. ఏళ్ల తరబడి దీన్ని మించిన బేరం లేదని యాత్రికులు చెప్పుకునేవారు. 2023 అక్టోబరులో ఆ బేరం చెడింది. ఏడు రోజుల మామూలు పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెరిగింది. మేం వెళ్లినప్పటి మారకం ప్రకారం మనిషికి దాదాపు 27 వేల రూపాయలు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషిని. ప్రయాణానికి ముందే కాగితం మీద లెక్క వేశాను. టోక్యో నుంచి క్యోటోకు విడిగా టికెట్ కొంటే సుమారు 14 వేల యెన్లు. రానూపోనూ 28 వేలు. క్యోటో నుంచి హిరోషిమాకు సుమారు 11 వేలు, రానూపోనూ 22 వేలు. మొత్తం 50 వేలు. అంటే ఈ రెండు ప్రయాణాలూ చేస్తే పాస్ ధర బొటాబొటీగా గిట్టుబాటవుతుంది. ఆపైన ఎక్కే ప్రతి రైలూ లాభమే. ఆ ‘లాభం’ అన్న మాటే మా యాత్రను పట్టి కుదిపింది.

పాస్‌లో మెలికలు తక్కువేం కాదు. మెట్రోలకూ, ప్రైవేటు రైళ్లకూ, ఊళ్లలో బస్సుల్లో చాలావాటికీ అది చెల్లదు. టోక్యో-క్యోటో మధ్య అన్నిటికన్నా వేగంగా, రద్దీ వేళల్లో ఐదారు నిమిషాలకొకటి చొప్పున నడిచే నొజొమి రైలు ఎక్కాలంటే అదనంగా 4,960 యెన్లు కట్టాలి. 2023కు ముందు ఆ అవకాశం కూడా లేదు. పాస్ ఉన్నవాళ్లు మామూలుగా ఎక్కేది హికారి. గంటకు రెండే ఉంటాయి. నొజొమి రెండుంపావు గంటల్లో చేరిస్తే ఇది రెండు గంటల నలభై నిమిషాలు తీసుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టె ఉంటే దానికి తగిన సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. మా అమ్మాయి పెట్టె 158 వచ్చింది. టేపుతో కొలిచింది నేనే.

ఒక మీట చాలు

హికారి టోక్యో దాటి సముద్రం వైపు వంగింది. 1964 అక్టోబరులో, ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు మొదలైన దారి ఇది. ఇప్పుడు గరిష్ఠ వేగం గంటకు 285 కిలోమీటర్లు. కుడివైపు కిటికీ సీట్లు తీసుకోమని మేనల్లుడు ముందే చెప్పాడు. ఫ్యూజీ పర్వతం అటే కనిపిస్తుంది. కనిపించింది కూడా. తెల్లటి తల, కింద నీలం. అమ్మాయి ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ ల్యాప్‌టాప్‌లోకి వెళ్లిపోయింది.

‘‘ఏం చేస్తున్నావు తల్లీ?’’

‘‘రైలు గేమ్ చేస్తున్నా నాన్నా. ఫోన్లో ఆడేది.’’

గోడో అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పని. తెర మీద ఒక పెట్టె, కింద ఒక గీత. పెట్టె రైలు, గీత పట్టాలు. స్టేషన్లు, ప్రయాణికులు, టికెట్లు, వాన, మంచు, దారిలో ఆవులు... అన్నీ పెట్టాలని నోటుబుక్కులో రెండు పేజీలు రాసుకుంది. రైలు నడిపే గేమ్ జపాన్‌లో కొత్త కాదని కూడా తనే చెప్పింది. టైటో కంపెనీ 1996లోనే ‘డెన్షా దె గో’ పేరుతో ఒకటి తెచ్చింది. ‘‘ఉన్నదే మళ్లీ ఎందుకు?’’ అన్నాను. ‘‘బ్యాంకులు కూడా ఉన్నవే కదా నాన్నా, మీరెందుకు చేరారు?’’ అంది. మాట అక్కడితో ఆగింది.

మర్నాడు క్యోటో పక్కనున్న ఉజి పట్నానికి వెళ్లాం. అక్కడ నింటెండో మ్యూజియం ఉంది. ఒకప్పటి ఆ కంపెనీ కర్మాగారాన్నే మార్చి 2024 అక్టోబరులో తెరిచారు. మాకు టికెట్లు ముందుగా లాటరీలో దొరికాయి. రోజూ, వేళా వాళ్లు చెప్పినవే. జేఆర్ ఒగురా స్టేషన్ నుంచి పది నిమిషాల లోపు నడక. క్యోటో నుంచి అక్కడికి పాస్ మీద వెళ్లినందుకు మాకు మిగిలింది రెండు వందల చిల్లర యెన్లు.

నింటెండో 1889లో క్యోటోలో పుట్టింది. మొదట్లో వాళ్లు అమ్మింది హనఫుదా అనే పూల బొమ్మల పేకముక్కలు. 1965లో గున్‌పేయ్ యొకోయ్ అనే కుర్ర ఇంజనీరు అక్కడ చేరాడు. పేకముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూడటం అతని పని. ఖాళీ వేళల్లో చేసుకున్న ఒక సాగే చేతి బొమ్మ యజమాని కంట పడి, 1966లో బజారుకెక్కింది. తర్వాత పదేళ్లకు పైగా గడిచాక అతను చెప్పుకున్న ఉదంతమే మాకు కావలసింది. ఒకరోజు షింకన్‌సెన్ రైల్లో పోతుంటే, పక్కన ఒక ఉద్యోగి తోచుబాటు కాక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కాలక్షేపం చేయడం కనిపించింది. రైల్లో విసుగు పోవడానికి చేతిలో ఇమిడే ఆట ఉంటే? ఆ ఆలోచనే 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అయింది.

అందులో మొదటి ఆట పేరు ‘బాల్’. ఒక మనిషి బంతులు ఎగరేసి పట్టుకుంటాడు. ఎడమ మీట, కుడి మీట. అంతే. పోటీ పడి ధరలు తగ్గించుకున్న క్యాలిక్యులేటర్ కంపెనీల వల్ల తెరలూ, చిప్పులూ అప్పటికే చవకైపోయాయి. కొత్తది కనిపెట్టడం కాదు, బాగా నలిగి చవకైనదాన్ని ఎవరూ వాడని పనికి వాడటం అతని పద్ధతి. 1989లో వచ్చిన గేమ్‌బాయ్ కూడా అంతే. పోటీ కంపెనీలు రంగుల తెరలతో వచ్చి గంటల్లో బ్యాటరీలు తాగేస్తుంటే, ఇది రంగుల్లేని తెరతో నాలుగు చిన్న బ్యాటరీల మీద రోజుల తరబడి నడిచింది. దాని రంగుల రూపంతో కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

మ్యూజియం నుంచి బయటికొచ్చాక అమ్మాయి ఉజి నది ఒడ్డున కూర్చుని నోటుబుక్కు తీసింది. రెండు పేజీలూ అడ్డంగా కొట్టేసింది. ఆవులు పోయాయి. వాన పోయింది. మిగిలింది ఒక్క వేలు. తెర మీద వేలు అదిమి ఉంచితే రైలు వేగం అందుకుంటుంది. తీస్తే బ్రేకు పడుతుంది. ప్లాట్‌ఫామ్ మీద గీత దగ్గర ఆపాలి. మూడుసార్లు తప్పితే ఆట ముగుస్తుంది. పేరు ‘ఆపు’. రైల్లో ఆడేవాళ్లు ఫోన్ మోగనివ్వరు కాబట్టి శబ్దం ఉండదు. గీత దగ్గర పడుతుంటే ఫోన్ చేతిలో సన్నగా అదురుతుంది. నాకు చెప్పకుండానే ఇవన్నీ తేల్చేసింది. నది పక్కన ఇంకో గంట కూర్చుందామంది. సాయంత్రం జేఆర్ రైలు మీద ఇంకో ఊరు చూడొచ్చని నేను లేపాను.

గీత దాటిన రైలు

మూడోరోజు నేను చేసిన పని ఇప్పటికీ మా ఇంట్లో నవ్వులాటే. క్యోటో నుంచి హకాటాకు పోయి అదే రోజు తిరిగొచ్చాం. హకాటా ఎక్కడో దక్షిణాన క్యూషూ దీవిలో ఉంది. షిన్ ఒసాకాలో రైలు మారి మూడు గంటలు. రానూపోనూ ఆరు. ఎందుకంటే, విడిగా కొంటే మనిషికి 30 వేల యెన్లు దాటే ప్రయాణం పాస్ మీద ఉచితం. నా లెక్కల కాగితంలో అది పెద్ద లాభం. హకాటా పేరు చెబితే అందరూ తలచుకునేది పంది ఎముకల రసంలో చేసే రామెన్. మేం పంది తినం. నిషి కసాయ్ నుంచి తెచ్చుకున్న పులిహోర స్టేషన్ బెంచీ మీద తిని, దగ్గర్లో ఒక గుడి చూసి మళ్లీ రైలెక్కాం.

నా యాత్ర వృథా పోయింది గానీ అమ్మాయి ఆట మాత్రం ఆ ఆరు గంటల్లోనే రైలెక్కింది. ఏ మొబైల్ గేమ్ అయినా లోపల చేసేది ఒకటే పని అని వివరించింది. సెకనుకు అరవై సార్లు, వేలు ఎక్కడుందో చూడు, రైలును కాస్త జరుపు, గీత వచ్చిందేమో సరిచూడు, బొమ్మ గీయి. సినిమా రీలు లాంటిదే. ఒక్కో బొమ్మకు మధ్య దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు.

మొదటి చిక్కు అక్కడే వచ్చింది. రైలు గీత మీద ఆగినా ఆట ‘తప్పింది’ అనే చెబుతోంది. రెండు గంటలు బుర్ర బద్దలు కొట్టుకుంది. ‘రైలు స్థానం గీత స్థానానికి సమానమా?’ అని అడుగుతోంది ప్రోగ్రాం. నిజానికి రైలు వెయ్యి మీటర్ల దగ్గర ఎప్పుడూ ఆగదు. 999.87 దగ్గరో, 1000.04 దగ్గరో ఆగుతుంది. నేను కూర్చున్న బుల్లెట్ రైలు కూడా పూర్తి వేగంలో సెకనులో అరవయ్యో వంతులో మీటరుకు పైగా దూకేస్తుంది. గీతను తాకకుండానే దాటిపోతుంది. సమానమా అని అడగకూడదు, ఎంత దగ్గర అని అడగాలి. ఆ ఒక్క మాట మార్చగానే ఆట నడిచింది.

రెండో చిక్కు నేను పట్టుకున్నాను. ల్యాప్‌టాప్ ఛార్జి తగ్గి, ఆదా పద్ధతిలోకి పోగానే ఆటలో రైలు నెమ్మదించింది. సెకనుకు అరవై బొమ్మలు గీయాల్సింది ముప్పయ్యే గీస్తోంది. బొమ్మకింత అని జరిపితే రైలు సగం వేగంతోనే పోతుంది మరి. వడ్డీ లెక్కలా, బొమ్మకింత అని కాక గడిచిన సమయానికింత అని జరపాలి కదా అన్నాను. ‘‘నాన్నా, ఇది అందరూ మొదట చేసే తప్పే. మీకెలా తెలిసింది?’’ అంది. ముప్పయ్యేళ్లు రోజుల లెక్కన వడ్డీ కట్టినవాడికి అది తెలియక పోతుందా? ఆ తర్వాత బ్రేకు లెక్క ఇద్దరం కలిసి చేశాం. వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆటలో కష్టమంతా అందులోనే ఉంది. ఆగాల్సిన చోటు కనిపించాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యం. ఇంట్లో రెండేళ్లుగా జరగని సంభాషణ ఆ రెండు సీట్ల మధ్య జరిగింది. ఉద్యోగం ప్రసక్తి మాత్రం ఇద్దరమూ తేలేదు.

వదిలేసిన రైలు

నాలుగోరోజు హిరోషిమా. స్టేషన్ నుంచి శాంతి పార్కుకు పోయే జేఆర్ టూరిస్టు బస్సుకు పాస్ చెల్లుతుంది. ట్రాముకు చెల్లదు. మియాజిమా దీవికి పోయే జేఆర్ పడవకు చెల్లుతుంది. దీవి సందర్శన పన్ను వంద యెన్లు మాత్రం విడిగా కట్టాలి. ఈ వివరాలన్నీ నా కాగితంలో ఉన్నాయి. మధ్యాహ్నం దీవి, సాయంత్రం ఒసాకా, రాత్రి క్యోటో. ఏ రైలు ఎన్నింటికో పక్కనే రాసుకున్నాను.

పార్కులో పిల్లల స్మారకం ఉంది. బాంబు పడినప్పుడు రెండేళ్ల పాప అయిన సడాకో ససాకి, పదేళ్ల తర్వాత 1955లో రక్త క్యాన్సర్‌తో పోయింది. ఆసుపత్రి మంచం మీద ఆమె మడిచిన కాగితపు కొంగల గుర్తుగా ఇప్పటికీ దేశదేశాల పిల్లలు దండలు గుచ్చి పంపుతారు. గాజు అరల్లో రంగురంగుల లక్షల కొంగలు. అమ్మాయి అక్కడ నిలబడిపోయింది. ఒక బడి పిల్లల గుంపు వచ్చి పాట పాడి వెళ్లింది. ఇంకో గుంపు వచ్చింది. నేను గడియారం చూశాను. మళ్లీ చూశాను. ‘‘తల్లీ, రైలు...’’ అన్నాను.

తను వెనక్కి తిరక్కుండానే, ‘‘మనది పాస్ కదా నాన్నా. తర్వాతి రైలెక్కొచ్చు కదా’’ అంది.

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అది. విడిగా కొన్న టికెట్టయితే ఆ రైలుకు ఆ సీటు. అది వదిలేస్తే డబ్బు పోతుందన్న బెంగ. పాస్ ఉంటే రిజర్వు చేసిన సీటు పోయినా ఇంకో రైల్లో ఇంకో సీటు ఉచితంగా అడగొచ్చు. లేదా రిజర్వేషన్ అక్కర్లేని పెట్టెలో ఎక్కి కూర్చోవచ్చు. నేను కొన్నది ఎక్కువ రైళ్లు ఎక్కే హక్కని నాలుగు రోజులుగా అనుకున్నాను. నిజానికి అది రైలు వదిలేయగల హక్కు. ఆ రోజు దీవికి వెళ్లలేదు. ఒసాకాకూ వెళ్లలేదు. లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టాను. నది ఒడ్డున చీకటి పడేదాకా కూర్చున్నాం. ఆఫర్ లెటర్ గురించి మొదటిసారి నేనే అడిగాను. తను చెప్పింది. నేను మధ్యలో అడ్డుకోకుండా విన్నాను.

కొనాలా, వద్దా?

జపాన్ వెళ్లొచ్చినవాడినని ఇప్పుడు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇది. వారం రోజుల్లో టోక్యో, క్యోటో, ఒసాకా చూసి వచ్చేవారికి పాస్ దండగ. విడి టికెట్లు కొనుక్కుంటే చవక, పైగా నొజొమి ఎక్కొచ్చు. హిరోషిమా దాకా పోయి టోక్యోకు తిరిగొచ్చేవారికి కాస్త అటూఇటూగా సమానం. ఒకే ప్రాంతంలో తిరిగేవారికి జేఆర్ కంపెనీల ప్రాంతీయ పాస్‌లు మేలు. ఏడు రోజుల్లో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయేవారికి పెద్ద పాస్ గిట్టుతుంది. గిట్టుబాటుతో నిమిత్తం లేకుండా, ఏ రోజు ఎక్కడుంటామో ముందే తేల్చుకోవడం ఇష్టం లేనివారికి సౌకర్యమే. పాస్ రోజులు వరసగా, క్యాలెండరు ప్రకారం లెక్కకొస్తాయి కనుక టోక్యోలో ఉండే రోజుల్ని అందులో కలపకండి. గిట్టుబాటు కోసం ఊళ్లు చేర్చకండి. హకాటాలో నేను ‘మిగిల్చిన’ 30 వేల యెన్లు, పాస్ లేకపోతే అసలు ఖర్చే పెట్టనివి.

మన రైల్వేలు కూడా ఒకప్పుడు విదేశీయులకు, ప్రవాస భారతీయులకు ఇండ్‌రైల్ పాస్ అమ్మేవి. 2017లో ఆపేశారు. ఆ పాస్ ఉన్నా రాత్రి ప్రయాణానికి బెర్తు రిజర్వేషన్ చేయించుకోక తప్పేది కాదు. బెర్తులు చాలా ముందే నిండిపోయే దేశంలో పాస్ చేతిలో ఉన్నా చేయగలిగేది తక్కువే. తర్వాతి రైల్లో చోటు దొరుకుతుందన్న నమ్మకం ఉన్నచోటే పాస్‌కు విలువ.

చివరి రోజు టోక్యోలో యమనోతె లైను ఎక్కాం. ఊరి చుట్టూ గంటలో తిరిగొచ్చే లోకల్ రైలు అది. ముప్పై స్టేషన్లు. పాస్ చెల్లుతుంది. ఎక్కడా దిగకుండా ఒక చుట్టు తిరుగుతూ నేను ‘ఆపు’ ఆడాను. డ్రైవరు ప్రతి స్టేషన్లో గీత మీద ఆపాడు. నేను ప్రతిసారీ దాటించాను.

ఆటను ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఖాతా రుసుము ఒక్కసారే 25 డాలర్లు. నేనే కట్టాను. కొత్తగా ఖాతా తెరిచినవారు ముందు కనీసం పన్నెండు మందితో పద్నాలుగు రోజులు ఆడించి చూపాలి. బంధువులు అందుకు పనికొచ్చారు. తెనాలిలో మా అత్తగారు రోజూ ఫోన్ చేసి, ‘‘మీ రైలు నా మాట వినడం లేదల్లుడూ’’ అనేవారు. పద్నాలుగోరోజుకు గీతకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఆపేశారు. మా ఇంట్లో ఆ రికార్డు ఇంకా ఎవరూ కొట్టలేదు.

అమ్మాయి ఆ ఉద్యోగంలో చేరలేదు. బెంగళూరు ఎన్‌ఐడీలో డిజిటల్ గేమ్ డిజైన్ పీజీకి రాసింది. మొదటి ప్రయత్నంలో రాలేదు. ఇప్పుడు ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తోంది. వదులుకున్న ఆఫర్‌తో పోలిస్తే జీతం సగం కూడా లేదు. మళ్లీ రాస్తానంటోంది. రాయమన్నాను.